గడ్డిపరకకూ ఓ చరిత్ర ఉంది

సావనీరుకి చరిత్ర వ్యాసం అనగానే మనకి శాతవాహనులు, కాకతీయులు, రాయలవారు గుర్తుకొస్తారు. వాళ్ళ గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ సభల్లోనే బోలెడుమంది ఉంటారు కనుక నేను ఆ జోలికి పోను. నేను చెప్పబోయేది ఒక గడ్డి చరిత్ర. గడ్డి అంటే మన భాషలో ఎంత చులకనో తెలిసిందే. తప్పు చేసినవాడికి గడ్డి పెడతాం. డబ్బు కోసం గడ్డి కరిచాడంటాం. విలువలేని దాన్ని గడ్డిపరకతో పోలుస్తాం. అలాంటి గడ్డి ఒకటి, అదీ సముద్రం అడుగున ఎవరి కంటా పడకుండా పెరిగేది, వందల ఏళ్ళపాటు మనుషుల ఇళ్ళు కాసింది, కరకట్టలు నిలిపింది, ఒక తెగకి అంబలి పోసింది. 1930లలో రెండు మూడేళ్ళలో అట్లాంటిక్ తీరాల నుంచి దాదాపు మాయమైంది. కొన్ని చోట్ల దాన్ని వెనక్కి తేవడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది.

నేనుండేది టెక్సాస్‌లోని కాపెల్‌లో. సముద్రం ఇక్కడికి దాదాపు మూడు వందల మైళ్ళు. ఇక్కడ కూర్చుని సముద్రపు గడ్డి గురించి రాయడమేమిటని మీరు అడగవచ్చు. మా ఊరి వాన కాలవల నీళ్ళు ఎక్కడికి పోతాయో వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు నాకు ఈ గడ్డి తగిలింది. ఆ దారి గురించి తర్వాత చెబుతాను. ముందు గడ్డితో పరిచయం చేసుకుందాం.

నాచు వేరు, గడ్డి వేరు

దీన్ని ఇంగ్లీషులో ఈల్‌గ్రాస్ అంటారు. 1753లో లినేయస్ దీనికి జొస్టెరా మెరీనా అని శాస్త్రీయ నామం పెట్టాడు. జొస్టెర్ అంటే గ్రీకులో నడుముకి కట్టుకునే పట్టీ. మన లెక్కలో ఒడ్డాణం అనుకోండి. ఆకులు పట్టీల్లా సన్నగా, పొడుగ్గా, ఒక్కోచోట మనిషి నడుము ఎత్తుని దాటి పెరుగుతాయి. ఉత్తర అమెరికా రెండు తీరాల్లోనూ, ఐరోపాలోనూ, జపాన్ చుట్టుపక్కలా, చల్లటి, సమశీతోష్ణ సముద్రాల్లో ఒడ్డుకి దగ్గరగా లోతు తక్కువగా ఉన్నచోట ఇది పచ్చిక బయళ్ళలా పరుచుకుంటుంది.

సముద్రంలో ఆకుపచ్చగా ఏది కనిపించినా మనం నాచు అనేస్తాం. నాచుకి అసలైన వేళ్ళుండవు, పువ్వులుండవు, గింజలుండవు. ఈల్‌గ్రాస్‌కి అన్నీ ఉన్నాయి. బురదలో వేళ్ళు దిగుతాయి, నేల కింద దుంపకాడ పాకుతూ పిలకలు వేస్తుంది, నీటి అడుగునే పూత పూస్తుంది, పుప్పొడి దారప్పోగుల్లా నీళ్ళలో కొట్టుకుపోయి పక్క పువ్వుని చేరుతుంది, చివరికి గింజ కడుతుంది. శాస్త్రం ప్రకారం ఇది వరి, గరిక కుటుంబానికి చెందిన అసలు గడ్డి కాదు. కానీ చూపులోనూ, దుబ్బు కట్టే పద్ధతిలోనూ గడ్డే.

దీని పూర్వీకులు నేలమీది మొక్కలు. కోట్ల ఏళ్ళ క్రితం నేల వదిలి సముద్రంలోకి వలస వెళ్ళాయి. 2016లో ఈ మొక్క జన్యుపటాన్ని నేచర్ పత్రికలో ప్రచురించారు. నేలమీది మొక్కలు ఆకులతో గాలి పీల్చుకునే పత్రరంధ్రాల తాలూకు జన్యువులు ఇందులో పోయాయని తేలింది. ఉప్పునీళ్ళలో వాటితో పనేముంది? కానీ పూత, గింజ మాత్రం వదులుకోలేదు. కొత్త ఊళ్ళో అక్కర్లేనివి వదిలేసి, అసలైనవి దగ్గర పెట్టుకోవడం వలస వచ్చిన మనకి కొత్త సంగతేమీ కాదు.

కరకట్ట, పైకప్పు, అంబలి

మనుషులు ఈ గడ్డిని వాడుకున్న తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నెదర్లాండ్స్‌లో జైడర్ జీ అనే లోతట్టు సముద్రం చుట్టూ మధ్యయుగాల నుంచీ కరకట్టలకి ఈ గడ్డిని వాడారు. కుప్పలుగా పేర్చి, బరువుకి అణగనిచ్చి, కొయ్యగుంజలు పాతి నిలబెట్టేవారు. అలలు వచ్చి కొడితే మెత్తగా అదిమి పట్టేది. 1730లలో కొయ్యని తొలిచే సముద్రపు పురుగు పడి ఆ గుంజలన్నీ గుల్ల అయిపోయాయి. గడ్డికేమీ కాలేదు, కానీ దాన్ని పట్టి ఉంచే కొయ్యలు పోయాక డచ్చివాళ్ళు దూరదేశాల నుంచి రాళ్ళు తెప్పించి పేర్చుకోవలసి వచ్చింది.

డెన్మార్క్‌లో లేసో అనే చిన్న దీవి ఉంది. అక్కడ మధ్యయుగాల్లో ఉప్పునీళ్ళు కాచి ఉప్పు తీసేవారు. పొయ్యిల కింద అడవులన్నీ తగలబడిపోయాయి. ఇంటికి కలప లేదు, కప్పుకి తాటాకు లాంటిదేమీ లేదు. ఓడలు పగిలి కొట్టుకొచ్చిన కొయ్యతో ఇల్లు లేపి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఈల్‌గ్రాస్‌ని ఎండబెట్టి, మెలిపెట్టి పైన కప్పేవారు. ఈ పని ఆడవాళ్ళది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ కలిసి ఒక్కో ఇల్లు కప్పేవారట. మన పల్లెల్లో పాకలకి తాటాకు, రెల్లుగడ్డి కప్పుతారు. అవి కొన్నేళ్ళకోసారి మార్చాలి. లేసో కప్పులు మూరెడు పైబడిన మందంతో, ఉప్పు పట్టిన గడ్డి కావడం వల్ల కుళ్ళకుండా, పురుగు పట్టకుండా, నిప్పంటుకోకుండా రెండు మూడు వందల ఏళ్ళు నిలిచాయి. అలాంటి ఇళ్ళు కొద్ది మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

అమెరికాలోనూ దీనికి గిరాకీ ఉండేది. 1890లలో బోస్టన్‌లో శామ్యూల్ కాబట్ అనే వ్యాపారి ఎండిన ఈల్‌గ్రాస్‌ని రెండు పొరల కాగితం మధ్య పెట్టి బొంతలా కుట్టించి, ఇళ్ళ గోడల్లో చలి దూరకుండా, చప్పుడు దూరకుండా వేసుకోమని అమ్మాడు. కాబట్స్ క్విల్ట్ అని దాని పేరు. గడ్డి చాలావరకు కెనడాలోని నోవా స్కోషియా తీరం నుంచి వచ్చేది. అక్కడి రైతులు, జాలరులు ఒడ్డున పడ్డ గడ్డిని పోగుచేసి, పొలాల్లో ఎండబెట్టి అమ్ముకునేవారు. ఇవాళ మన ఇళ్ళ అటకల్లో గులాబీ రంగు గాజుపీచు ఉంటుందే, ఆ పని అప్పట్లో ఈ గడ్డి చేసింది.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది మెక్సికోలో సొనోరా తీరపు కొమ్‌కాక్ ప్రజల కథ. బయటివాళ్ళు వీళ్ళని సెరి అంటారు. కాలిఫోర్నియా సింధుశాఖలో ఈల్‌గ్రాస్ ఏటా గింజ నుంచి మొలిచి, వేసవి వేడి ముదిరేలోపు గింజ కట్టి చచ్చిపోతుంది. వసంతంలో గింజ ముదిరిన మొక్కలు తెగి ఒడ్డుకి తేలి వస్తాయి. కొమ్‌కాక్ వాళ్ళు వాటిని పోగుచేసి, ఎండబెట్టి, కొట్టి, తూర్పారబట్టి, వేయించి, విసిరి, జావ కాచుకునేవారు. వాళ్ళ భాషలో ఏప్రిల్ నెల పేరే ఈ గింజలు కోసుకునే నెల అని. మన సంక్రాంతిలాగే వాళ్ళకీ పంట ఇంటికొచ్చే కాలం ఉందన్నమాట, కాకపోతే పొలం సముద్రంలో ఉంది. రిచర్డ్ ఫెల్గర్, మేరీ బెక్ మోజర్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లో సైన్స్ పత్రికలో ఈ సంగతి రాసినప్పుడు ప్రపంచం విస్తుపోయింది. సముద్రంలో పండే ధాన్యాన్ని మనుషులు ఆహారంగా తీసుకున్న ఉదాహరణ అంతకుముందు ఎవరూ నమోదు చేయలేదు. దున్నలేదు, ఎరువు వేయలేదు, మంచినీళ్ళు పెట్టలేదు, పంట మాత్రం వచ్చింది. ఈ మధ్య స్పెయిన్‌లో కాదిజ్ దగ్గర ఆంహెల్ లియోన్ అనే వంటమాస్టారు ఈ గింజని సముద్రపు బియ్యంగా పండించే ప్రయత్నం మొదలుపెట్టాడు. 2021లో ఆ వార్త చాలా పత్రికల్లో వచ్చింది.

రెండు మూడేళ్ళలో ఖాళీ

1930, 31 సంవత్సరాల్లో అమెరికా తూర్పు తీరంలో ఈల్‌గ్రాస్ ఆకులమీద నల్ల మచ్చలు కనిపించాయి. మచ్చలు చారలయ్యాయి, చారలు ఆకంతా పాకాయి, ఆకులు రాలిపోయాయి. మర్నాటి ఏడాదికి తీరమంతా అదే కథ. 1932, 33 నాటికి ఐరోపా తీరానికీ తెగులు అంటుకుంది. ఉత్తర అట్లాంటిక్‌కి రెండు వైపులా ఉన్న ఈల్‌గ్రాస్‌లో తొంభై శాతానికి పైగా పోయిందని అంచనా. పసిఫిక్ తీరానికి ఇంత దెబ్బ తగల్లేదు. అప్పటికి దేశం ఆర్థిక మాంద్యంలో కొట్టుకుంటోంది. బ్యాంకులు మునిగిపోతున్న రోజుల్లో సముద్రం అడుగున గడ్డి పోతే పట్టించుకునేదెవరు?

కానీ దానిమీద బతికేవాళ్ళకి తెలిసింది. చలికాలంలో ఈ గడ్డినే మేసే బ్రాంట్ అనే అడవిబాతులు వేలకు వేలు తిండిలేక చచ్చిపోయాయి. మిగిలినవి వేరే నాచు తినడం నేర్చుకుని బతికాయి. వర్జీనియా తీరంలో స్కాలప్ అనే ఆల్చిప్పల వేట మీద బతికే కుటుంబాలుండేవి. పిల్ల స్కాలప్‌లు ఈ ఆకుల్ని పట్టుకునే పెరుగుతాయి. ఆకు లేకపోతే పిల్ల లేదు. దానికి తోడు 1933 ఆగస్టులో పెద్ద తుఫాను వచ్చి మిగిలిన కాస్తా ఊడ్చేసింది. ఆ తీరపు మడుగుల్లో స్కాలప్‌ల వేట అంతటితో ఆఖరు. లేసో దీవిలో కప్పులకి కొత్త గడ్డి దొరకలేదు. కాబట్ గారి బొంతలకి ముడిసరుకు కరువైంది. నెదర్లాండ్స్‌లో తెగులు వచ్చిన 1932లోనే జైడర్ జీ నోటికి అడ్డంగా పెద్ద ఆనకట్ట పూర్తయింది. ప్రవాహాలు మారిపోయాయి. ఒకేసారి రెండు దెబ్బలు పడ్డ ఆ తీరంలో నీటి అడుగున ఉండే విశాలమైన గడ్డి బయళ్ళు తెగులు తగ్గాక కూడా తిరిగి రాలేదు.

ఒక ప్రాణి అయితే పూర్తిగా అంతరించింది. ఈల్‌గ్రాస్ ఆకు వెడల్పుకి సరిపోయేట్టు సన్నటి డిప్పతో, ఆ ఆకుని మాత్రమే తిని బతికే లింపెట్ అనే చిన్న నత్త ఉండేది. దాన్ని చివరిసారి సేకరించింది 1929 ప్రాంతంలో. అది లేదన్న సంగతి శాస్త్రవేత్తలు గుర్తించి ప్రకటించింది 1991లో. అరవై ఏళ్ళపాటు దాని కోసం ఎవరూ వెతకలేదు. చారిత్రక కాలంలో సముద్రంలో ఒక వెన్నెముక లేని జీవి అంతరించిందని నమోదైన మొదటి సందర్భం అదే. తెగులుకి కారణమైన సూక్ష్మజీవికీ అదే 1991లో శాస్త్రీయంగా పేరు పెట్టారు. లాబిరింతులా అనే ఒక రకం బూజులాంటి జీవి అది. కాస్తో కూస్తో ఎప్పుడూ ఉండేదే. ఆ ఏళ్ళలో అంతగా ఎందుకు విజృంభించిందన్న దానిమీద వాదాలు ఇంకా నడుస్తున్నాయి.

విత్తనం మడి

మరి మొత్తం ఎందుకు పోలేదు? ఈ సూక్ష్మజీవికి ఉప్పు కావాలి. నదులు కలిసేచోట, ఉప్పు తక్కువగా ఉండే నీళ్ళలో అది బలంగా పనిచేయలేదు. అక్కడక్కడ నదీముఖాల్లో దాక్కున్న గడ్డి దుబ్బులు బతికిపోయాయి. తెగులు తగ్గాక వాటి నుంచే తీరాలు మళ్ళీ మెల్లగా పచ్చబడ్డాయి. ఇందాక చెప్పిన నత్త మాత్రం ఉప్పు తగ్గిన నీళ్ళలో బతకలేదు కనుక ఆ ఆశ్రయం దానికి దక్కలేదు.

వర్జీనియా తూర్పు తీరపు మడుగులకి ఆ అదృష్టమూ లేదు. దగ్గరలో పెద్ద నదేమీ కలవదు. ఈల్‌గ్రాస్ గింజ బరువుగా ఉండి తల్లి మొక్కకి కొద్ది అడుగుల దూరంలోనే అడుగుకి దిగిపోతుంది. గింజలున్న కొమ్మ తెగి తేలుతూ పోతేనే దూరప్రయాణం. తల్లి దుబ్బులే లేని చోట డెబ్భై ఏళ్ళు గడిచినా నేల బోడిగానే ఉండిపోయింది. 1990ల చివర్లో సౌత్ బే అనే చోట చిన్న గడ్డి మడి ఒకటి తనంతట తానే మొలిచి కనిపించింది. నీళ్ళు బాగానే ఉన్నాయి, లేనిది విత్తనమే అని వర్జీనియా సముద్ర విజ్ఞాన సంస్థలో పనిచేసే రాబర్ట్ ఆర్త్ బృందానికి అప్పుడు అర్థమైంది.

ఇక్కడ మన వరి రైతులకి తెలిసిన సంగతే వచ్చింది. నేను పుట్టింది సూళ్ళూరుపేట వైపు వ్యవసాయ కుటుంబంలో. వరి వేయడానికి రెండు దారులున్నాయని చిన్నప్పటినుంచీ తెలుసు. నారు పోసి, పెరికి, మొక్క మొక్కా నాటడం ఒకటి. దానికి కూలీలు కావాలి, నడుములు పడిపోతాయి. విత్తనాలు వెదజల్లడం రెండోది. సముద్రపు గడ్డిని పునరుద్ధరించాలనుకున్న చాలామంది అంతకుముందు మొదటి దారిలోనే వెళ్ళారు. నీళ్ళలోకి దిగి ఒక్కో మొక్కా నాటేవారు. ఎకరాలకి ఎకరాలు అలా నాటడం అయ్యే పని కాదు. ఆర్త్ బృందం వెద పద్ధతి పట్టుకుంది. వసంతం చివర్లో, గింజ ముదిరే రోజుల్లో బతికున్న బయళ్ళ నుంచి గింజల కొమ్మలు కోసి తెచ్చి, సముద్రపు నీళ్ళు పారే తొట్లలో వేస్తారు. కొమ్మలు కుళ్ళి గింజలు అడుగుకి దిగుతాయి. వాటిని శుభ్రం చేసి వేసవంతా దాచి, ఆకురాలు కాలంలో పడవమీద వెళ్ళి చేత్తో వెదజల్లుతారు. కోతల పనికి ఏటా స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చి నీళ్ళలో ఈదుతూ కోసిపెట్టారు.

1999లో మొదలైన ఆ పని ఇరవై ఏళ్ళు సాగింది. 2020లో వాళ్ళు ప్రచురించిన లెక్క ఇది. చల్లిన గింజలు ఏడు కోట్లకి పైన. చల్లిన నేల 213 హెక్టార్లు. 2018 నాటికి గడ్డి పరుచుకున్న నేల 3,600 హెక్టార్ల పైమాటే, అంటే సుమారు తొమ్మిది వేల ఎకరాలు. చల్లింది పాతికెకరాలైతే పండింది నాలుగు వందల ఎకరాలన్నమాట. మిగతాది గడ్డే చేసుకుంది. నీళ్ళు తేటపడ్డాయి, చేపలు పెరిగాయి, 1933లో పోయిన స్కాలప్‌లని తెచ్చి వదిలితే నిలదొక్కుకోవడం మొదలుపెట్టాయి. అడుగు బురదలో కర్బనం పోగుపడుతోంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇది అరుదైన శుభవార్త. 1879 నుంచి లెక్కలున్న సముద్రపు గడ్డి విస్తీర్ణంలో దాదాపు 29 శాతం పోయిందని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు.

కాపెల్ నుంచి గాల్వెస్టన్ దాకా

ఇప్పుడు మా ఊరి సంగతి. డాలస్ కౌంటీ వాయవ్య మూల ఉన్న ఈ ఊరికి 1892 దాకా గిబ్స్ స్టేషన్ అని పేరు. తర్వాత రైలు పెట్టుబడిదారు జార్జ్ కాపెల్ పేరు పెట్టారు. ఊరికి ఉత్తరాన డెంటన్ క్రీక్ పారుతుంది. గ్రేప్‌వైన్ చెరువు ఆనకట్ట దాటి వచ్చి మా ఊరి పక్కగా వెళ్ళి ట్రినిటీ నది ఎల్మ్ పాయలో కలుస్తుంది. ఎల్మ్ పాయ డాలస్ దగ్గర పడమటి పాయతో కలిసి అసలు ట్రినిటీ అవుతుంది. అక్కడి నుంచి ఆగ్నేయంగా టెక్సాస్‌లో సగం దూరం ప్రయాణించి, లివింగ్‌స్టన్ చెరువులో ఆగి, ఆనవాక్ ఊరి దగ్గర ట్రినిటీ బేలో పడుతుంది. అది గాల్వెస్టన్ బేలో ఒక భాగం. గాల్వెస్టన్ బేకి అందే మంచినీటిలో పెద్ద వాటా ఈ నదిదే. అంటే కాపెల్ వీధి కాలవలో పడ్డ వానచుక్కకి గమ్యం సముద్రమే.

అట్లాంటిక్ వైపు నార్త్ కరొలైనా దాటి దక్షిణానికి ఈల్‌గ్రాస్ పెరగదు. వేడికి తట్టుకోలేదు. టెక్సాస్ తీరంలో ఉన్నవి దాని దాయాదులు. షోల్‌గ్రాస్, టర్టిల్‌గ్రాస్, మానటీ గ్రాస్ లాంటివి. దక్షిణాన లగూనా మాద్రేలో ఇవి ఇప్పటికీ విశాలంగా ఉన్నాయి. ఉత్తర అమెరికాలోని రెడ్‌హెడ్ బాతుల్లో అత్యధిక భాగం చలికాలం గడపడానికి అక్కడికే వచ్చి షోల్‌గ్రాస్ దుంపకాడలు తింటాయి. గాల్వెస్టన్ బేలో మాత్రం కథ వేరు. 1950లలో అక్కడ కూడా గడ్డి బయళ్ళుండేవి. హ్యూస్టన్ చుట్టూ నగరాలు, కర్మాగారాలు భూగర్భజలం విపరీతంగా తోడెయ్యడంతో నేల కుంగిపోయింది. కొన్నిచోట్ల అయితే తొమ్మిది, పది అడుగులు. బేటౌన్‌లో బ్రౌన్‌వుడ్ అనే మంచి కాలనీ ఒకటి అలా కుంగి కుంగి, 1983లో అలీసియా తుఫాను తర్వాత మనుషులు వదిలేసి వెళ్ళిపోయారు. నేల కుంగితే గడ్డికి నీళ్ళు లోతవుతాయి, వెలుగు అందదు. ఆపైన 1961లో కార్లా తుఫాను, కాలవల తవ్వకం, మురుగు. చివరికి 1980లకి వెస్ట్ బేలో సముద్రపు గడ్డి పోయింది, క్రిస్మస్ బేలో మాత్రం మిగిలింది. అక్కడ మిగిలిన మడే ఆ ప్రాంతానికి విత్తనం మడి.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 1975లో నేల కుంగకుండా చూసే సంస్థ ఏర్పడి భూగర్భజలం తోడకాన్ని అదుపు చేసింది. 1999లో రాష్ట్రం సముద్రపు గడ్డి పరిరక్షణకి ప్రణాళిక వేసింది. పడవల పంకాలు లోతు తక్కువ నీళ్ళలో గడ్డిని వేళ్ళతో సహా పెకలించి పొడుగాటి చాళ్ళు తీస్తాయి. ఆ చాలు పూడటానికి ఏళ్ళు పడుతుంది. 2006లో రెడ్‌ఫిష్ బేలో మొదట దాన్ని నిషేధించారు. 2013 సెప్టెంబరు నుంచి రాష్ట్రమంతటా అది నేరం. గాల్వెస్టన్‌కో, పోర్ట్ అరాన్సాస్‌కో వెళ్ళి పడవ అద్దెకి తీసుకునే మనవాళ్ళు ఇది తెలుసుకుని ఉండాలి. నీళ్ళలో నల్లగా, మచ్చలు మచ్చలుగా కనిపిస్తే అది గడ్డి. అక్కడ మోటారు పైకెత్తి, గెడతో తోసుకుంటూ పోవాలి.

పంకం కన్నా పెద్ద శత్రువు మన ఇంటి ముందే ఉంది. సముద్రపు గడ్డికి వెలుగు చాలా కావాలి. నీళ్ళలో నత్రజని ఎక్కువైతే సన్నటి నాచు పుట్టి, నీళ్ళు పచ్చగా మందమై, ఆకులమీద కూడా జిగటగా పట్టి వెలుగుని అడ్డుకుంటుంది. ఆ నత్రజని పొలాల నుంచి వస్తుంది, మురుగు నుంచి వస్తుంది, పచ్చిక బయళ్ళకి వేసే ఎరువు నుంచి వస్తుంది. మా ఊళ్ళో చాలా ఇళ్ళ ముందు పెరిగే బెర్ముడా గడ్డి మరేదో కాదు, సాక్షాత్తూ మన గరిక. వినాయక చవితికి దూర్వాయుగ్మానికి దుకాణాలన్నీ వెతికేవాళ్ళు గుమ్మం దిగి నాలుగు అడుగులు వేస్తే చాలు. మన ఊళ్ళలో రైతులు ఏళ్ళ తరబడి కలుపుగా పీకి పారేసిన గరికకి ఇక్కడ మనం సంచులకి సంచులు ఎరువు కొని పోస్తాం. అది కాస్త పసుపు తిరిగితే కాలనీ సంఘం వాళ్ళ ఉత్తరం వస్తుంది. వాన కురిసే ముందురోజు చల్లిన ఎరువు గరికకి అందదు, వీధి కాలవకి అందుతుంది. వీధి కాలవకి మురుగు శుద్ధి ఉండదు, నేరుగా వాగులోకే. దారిలో చెరువుల్లో కొంత ఆగిపోతుంది, అంతా గాల్వెస్టన్ చేరుతుందని అనను. కానీ డెంటన్ క్రీక్ పక్కన ఉన్న ఇళ్ళలాంటివే నదంతా ఉన్నాయి.

పులికాట్ మాట

మన వైపు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. ఆంధ్ర తీరంలో సముద్రపు గడ్డి తక్కువ. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు నీళ్ళు ఎర్రగా ఉంటాయి, వెలుగు దిగదు. తమిళనాడులో పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖల్లో మన దేశపు పెద్ద బయళ్ళున్నాయి. రోజుకి ముప్పై, నలభై కిలోల గడ్డి మేసే సముద్రపు ఆవు, అదే దుగాంగ్, అక్కడ ఉంది. 2022లో తమిళనాడు ప్రభుత్వం 448 చదరపు కిలోమీటర్లలో దేశంలోనే మొదటి దుగాంగ్ సంరక్షణ ప్రాంతం ప్రకటించింది.

మనకి పులికాట్ సరస్సు ఉంది. చిలక తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి కయ్య. చాలా భాగం ఆంధ్రలో, కొంత తమిళనాట. అరణి, కాళంగి నదులు మంచినీళ్ళు తెస్తాయి, ముఖద్వారాల నుంచి సముద్రం ఉప్పు తెస్తుంది. ఆ రెంటి మధ్య ఊగిసలాటలో అక్కడి అడుగున హాలోఫిలా జాతి గడ్డి పెరుగుతుంది. ఆ పేరుకి ఉప్పంటే ఇష్టపడేది అని అర్థం. అందులో బెక్కారి అనే చిన్న జాతి ఒకటుంది. ఆకు సెంటీమీటరు పొడుగుంటే ఎక్కువ. ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో దాని పేరు ఉంది. ఫ్లెమింగోల పండుగకి సూళ్ళూరుపేట వచ్చే జనం ఆకాశం వైపు చూస్తారు, మడుగు అడుగుకి చూసేవాళ్ళు తక్కువ. రొయ్య పిల్లలు, చేప పిల్లలు దాక్కునేది ఆ అడుగునే. జాలరి వలలో పడే బరువు అక్కడే మొదలవుతుంది. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయినా, మురుగు పెరిగినా మొదట దెబ్బ తినేది అదే.

ఇదంతా చదువుతుంటే నాకు మా ఇంట్లో పెద్దలు విత్తనం వడ్లని చూసిన తీరు గుర్తుకొచ్చింది. గాదెలో గింజలు అడుగంటినా సరే, విత్తనం కుండ జోలికి పోయేవారు కాదు. అప్పు చేసైనా బియ్యం తెచ్చేవారు. ఎందుకంటే తిండిగింజలు పోతే ఒక ఏడాది పోతుంది, విత్తనం పోతే పొలమే పోతుంది. వర్జీనియాకి డెబ్భై ఏళ్ళు పట్టడానికి కారణం అదే. అక్కడి సముద్రం పాడవలేదు, విత్తనం మిగల్లేదు. క్రిస్మస్ బేలో మిగిలిన మడి, పులికాట్ అడుగున ఉన్న చిన్న ఆకులు, ఇవి విత్తనం కుండలు. పోయాక చేసే పనికన్నా ఇప్పుడు చేయవలసిన పని చాలా చౌక.

ఐక్యరాజ్యసమితి 2022లో మార్చి 1ని ప్రపంచ సముద్రపు గడ్డి దినోత్సవంగా నిర్ణయించింది. ఉత్తర టెక్సాస్‌లో లాన్లకి ఎరువు చల్లే హడావుడి మొదలయ్యేది కూడా ఆ వారాల్లోనే. మీకు నేను చేసే మనవి చిన్నది. సంచి కొనేముందు మట్టి పరీక్ష చేయించండి. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్ళు కొద్ది డాలర్లకి చేసి పెడతారు. అవసరమైనంతే వేయండి. వాన సూచన ఉంటే ఆ వారానికి ఆగండి. కాలిబాట మీద పడ్డ గుళికల్ని కాలవలోకి కడగకుండా చీపురుతో ఊడ్చి గడ్డిలోకే తోయండి. ఊరెళ్ళినప్పుడు పులికాట్ వైపు ఒకసారి వెళ్ళి, పడవవాడితో మాట్లాడి, అడుగున ఏముందో చూపించమనండి. మన గరికకి ఎరువు కాస్త తగ్గినా వినాయకుడు ఏమీ అనుకోడు.